ఎర్ర ఐరన్ మాత్ర: 60 మిల్లీగ్రాముల్లో ఒంటికి పట్టేదెంత?

సబ్‌సెంటర్లో నర్సమ్మ ఇచ్చే ఎర్ర మాత్రలు చాలా ఇళ్లలో గూట్లోనే ఉండిపోతాయి. వాటిని పక్కన పెట్టి విజయనగరం కోట జంక్షన్లోనో, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో మందుల షాపుకెళ్లి మెరిసే అట్టపెట్టెలో ఉన్న ఖరీదైన ఐరన్ మాత్రలు కొనుక్కుంటారు. ఊరికే ఇచ్చింది పనిచేయదన్న అనుమానం ఒకటి, మింగితే వికారం పుడుతుందన్న భయం ఇంకొకటి. ఈ సమీక్ష ఆ ఎర్ర మాత్ర మీదే. తీర్పు ముందే చెప్పేస్తాం. సరుకు మంచిది, షాపు మాత్రకు తీసిపోయేది కాదు. నష్టమంతా మింగే వేళలోనూ, దాంతో పాటు కడుపులోకి వెళ్లే వాటిలోనూ ఉంది.

మాత్రలో ఉన్నది ఫెర్రస్ సల్ఫేట్. అసలు ఐరన్ 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు, పైన చక్కెర పూత. గర్భిణులకు రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు. హైస్కూలు పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలోనూ ఇదే మోతాదు, రంగు ఒక్కటే తేడా. 5 నుంచి 9 ఏళ్ల పిల్లల గులాబీ మాత్రలో మాత్రం ఐరన్ 45 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు. షాపు మాత్రతో పోల్చేటప్పుడు అట్ట మీద పెద్దక్షరాల్లో ఉన్న అంకె కాకుండా ‘ఎలిమెంటల్ ఐరన్’ అన్న మాట పక్కనున్న అంకె చూడాలి. ఎండబెట్టిన ఫెర్రస్ సల్ఫేట్ 200 మిల్లీగ్రాములంటే అందులో ఐరన్ 65 మిల్లీగ్రాములే.

ఇక 60 మింగితే రక్తంలోకి చేరేది ఎంత? పూర్వం తిన్న ఐరన్‌లోంచి మలంలో పోయిన ఐరన్ తీసేసి లెక్కగట్టేవారు. అందులో తప్పు ఎక్కువ. రోజుల తరబడి మలం ఒక్కసారి కూడా వదలకుండా పట్టాలి. పైగా రెండు పెద్ద అంకెల మధ్యనున్న చిన్న తేడా కోసం వెతుకుతున్నాం కాబట్టి, పెద్ద అంకెలో కాస్త పొరపాటు జరిగినా చిన్న అంకె మొత్తం తలకిందులవుతుంది. 1930ల చివర్లో అమెరికాలోని బర్కిలీలో లారెన్స్ సైక్లోట్రాన్ (అణుకణాలను వేగంగా తిప్పే యంత్రం) నుంచి, కిరణాలను బట్టి ఎక్కడుందో పట్టుకోగలిగే రేడియోధార్మిక ఐరన్ వచ్చాక ఈ చిక్కు తీరింది. ఆ ఐరన్‌ను రాచెస్టర్లో పాల్ హాన్, జార్జ్ విపుల్ కుక్కలకు పెట్టి చూశారు. రక్తహీనత ఉన్న కుక్క ఐరన్‌ను బాగా లోపలికి తీసుకుంది, నిండుగా ఉన్న కుక్క దాదాపు ముట్టుకోలేదు. పేగుకు తనదైన తూకం ఉందన్న సంగతి అప్పటి నుంచీ తెలుసు.

తర్వాత మనుషుల్లో కొలవడానికి ఎక్కువగా వాడింది ఐరన్-59. దీని అర్ధాయువు, అంటే సగానికి సగం తరిగిపోయే కాలం, 44.5 రోజులు. ఇది వదిలే గామా కిరణాలు శరీరం దాటి బయటికి వస్తాయి కాబట్టి మనిషి మొత్తాన్ని ఒకేసారి లెక్కపెట్టవచ్చు. దళసరి ఉక్కు గోడల గదిలో మనిషిని పడుకోబెట్టి, చుట్టూ సోడియం అయొడైడ్ స్ఫటికాల డిటెక్టర్లు పెడతారు. ఆ ఉక్కు కూడా వీలైతే అణుపరీక్షలకు ముందు పోసినదై ఉండాలి, తర్వాతి ఉక్కులో కాస్త రేడియోధార్మికత కలిసి ఉంటే గోడే లెక్కలో కలుస్తుంది. మన ఒంట్లో సహజంగా ఉండే రేడియోధార్మిక పొటాషియం-40 ఒక్కటే సుమారు 4,000 బెక్వెరెల్స్, అంటే సెకనుకు 4,000 పరమాణువులు క్షీణించేంత ఉంటుంది. ముందు దాన్నీ, గది నేపథ్యాన్నీ కొలిచి తీసేయాలి. తర్వాత గుర్తు పెట్టిన ఐరన్ కలిపిన ఆహారమో మందో ఇచ్చి, కొన్ని గంటల్లో మొదటి లెక్క తీస్తారు. అది నూటికి నూరు. రెండు వారాల తర్వాత మళ్లీ లెక్క.

ఒక ఉదాహరణ వేసుకుందాం. డిటెక్టర్లు పట్టిన కిరణాల సంఖ్య మొదటి రోజు నికరంగా 20,000, 14వ రోజు 2,400 వచ్చింది. 14 రోజుల్లో ఐరన్-59 తనంతట తానే క్షీణించి 80 శాతానికి దిగుతుంది కాబట్టి 2,400ను 0.8తో భాగించాలి. 3,000 వస్తుంది. అంటే 15 శాతం ఒంటికి పట్టింది. ఈ దిద్దుబాటు మరిచిపోతే జవాబు 12 శాతమని వస్తుంది. రెండో లెక్క తొందరపడి నాలుగో రోజే తీస్తే తప్పు ఇంకో వైపు జరుగుతుంది. మలబద్ధకం ఉన్నవాళ్ల పెద్దపేగులో ఇంకా బయటికి పోని ఐరన్ కూడా ‘పట్టినట్టు’ కనిపిస్తుంది. ఇంకో తప్పు పట్టుకోవడం కష్టం. మొదటి లెక్కప్పుడు ఐరన్ అంతా పొట్టలో ఒకచోట ఉంటుంది, రెండోసారికి ఎముక మజ్జలోకీ ఎర్ర కణాల్లోకీ ఒళ్లంతా పరుచుకుంటుంది. డిటెక్టర్లు ఒక్క వైపే ఉంటే ఒకే మొత్తం రెండు వేర్వేరు అంకెలుగా కనబడుతుంది. అందుకే పైనా కిందా రెండు వైపులా లెక్క తీయాలి.

ఒకే మనిషిలో రెండు భోజనాలు పోల్చాలంటే ఐరన్-55, ఐరన్-59 రెండూ వాడి, రెండు వారాల తర్వాత కాస్త రక్తం తీసి చూస్తారు. పట్టిన ఐరన్‌లో అధిక భాగం అప్పటికి ఎర్ర కణాల్లో చేరి ఉంటుంది. ఇద్దరు వేర్వేరు మనుషులను పోల్చడానికి ఇంకో ఏర్పాటు కావాలి. ఒంట్లో నిల్వలు తక్కువున్న మనిషి ఏది పెట్టినా ఎక్కువే తీసుకుంటుంది కదా. దానికోసం 3 మిల్లీగ్రాముల ఐరన్‌ను విటమిన్ సితో కలిపి ఫెర్రస్ ఆస్కార్బేట్‌గా అందరికీ ఇచ్చి, అది ఎంత పట్టిందో చూసి, మిగతా ఫలితాలను 40 శాతం పట్టిన మనిషి స్థాయికి సర్దుతారు.

ఈ సంగతి షాపు మాత్రల దగ్గర పనికొస్తుంది. మన దగ్గర అమ్ముడుపోయే ఖరీదైన మాత్రల్లో ఎక్కువ భాగం ఫెర్రస్ ఆస్కార్బేట్, ఐరన్ 100 మిల్లీగ్రాములు. వాటి పట్టే శాతం గురించి ఎవరైనా పెద్ద అంకె చెబితే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎంత మోతాదులో కొలిచారు? 3 మిల్లీగ్రాములు, అదీ పరగడుపున, నిల్వలు అడుగంటిన మనిషికిస్తే వచ్చిన శాతం 100 మిల్లీగ్రాముల మాత్రకు రాదు. మోతాదు పెరిగేకొద్దీ పట్టే మొత్తం పెరుగుతుంది గానీ శాతం పడిపోతుంది. పట్టనిది పేగులోనే ఉండి వికారం, మలబద్ధకం తెస్తుంది. కాబట్టి ఎర్ర మాత్రను వదిలి దీన్ని కొనడానికి తగిన కారణం మాకు కనిపించలేదు. మెల్లగా కరిగే క్యాప్సూళ్లు అంతకంటే తక్కువ రకం. ఐరన్ ముఖ్యంగా పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. క్యాప్సూల్ కరిగే వేళకు ఆ చోటు దాటిపోతుంది, వికారం లేకపోవడానికి అదే కారణం. ఐరన్ పాలిమాల్టోజ్ అనే రకం సిరప్‌లు, మాత్రలు కడుపుకు సుఖమే గానీ ఫెర్రస్ లవణాలంత పట్టవు. కార్బొనిల్ ఐరన్ (స్వచ్ఛమైన ఇనుము మెత్తటి పొడి) కరగాలంటే కడుపులో ఆమ్లం బాగా ఉండాలి.

ఈ అంకెలు ఎవరి ఒంట్లోంచి వచ్చాయో కూడా చెప్పుకోవాలి. 1940ల్లో అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం దగ్గర ఎనిమిది వందల మందికి పైగా గర్భిణులకు అదేమిటో చెప్పకుండా రేడియోధార్మిక ఐరన్ కలిపిన పానీయం తాగించారు. 1969లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో మన ఉపఖండం నుంచి వలస వెళ్లిన ఇరవై మందికి పైగా స్త్రీలకు ఐరన్-59 కలిపిన చపాతీలు ఇంటికి పంపి, తర్వాత హార్వెల్ అణుపరిశోధన కేంద్రానికి తీసుకెళ్లి కొలిచారు. వాళ్లలో కొందరికి ఇంగ్లీషు సరిగా రాదు. దేనికి ఒప్పుకున్నారో వాళ్లకు తెలియదు. అది అన్యాయం, ఆ మాట స్పష్టంగానే అనాలి. ఇప్పుడు గర్భిణుల్లో, పిల్లల్లో ఈ కొలత రేడియోధార్మికత లేని ఐరన్-57, ఐరన్-58తో చేస్తారు. ప్రకృతిలో ఇవి 2.1 శాతం, 0.28 శాతమే కాబట్టి కాస్త అదనంగా ఇస్తే రక్తంలో నిష్పత్తి మారుతుంది. ఆ మార్పును పరమాణువులను బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్ పట్టుకుంటుంది. అప్పుడూ ఇప్పుడూ ఇది పరిశోధన పనిముట్టే. రక్తం తక్కువైన వాళ్లెవరికీ ఈ పరీక్ష అక్కర్లేదు.

ఆ కొలతలు నేర్పినదాన్ని మన వంటింటికి తెచ్చుకుందాం. మొదటి శత్రువు టీ. 2008లో బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకులు యువతులకు అన్నం భోజనంతో పాటు టీ ఇచ్చి ఐసోటోపులతో (పైన చెప్పిన ఐరన్-57 లాంటి గుర్తు పెట్టిన ఐరన్‌తో) కొలిచారు. ఒక కప్పుకు పట్టే ఐరన్ సుమారు సగానికి, రెండు కప్పులకు మూడో వంతుకు పడిపోయింది. అదే భోజనంలో విటమిన్ సి కలిపితే మూడు రెట్లు దాటింది. కాఫీ మీద 1983లో వచ్చిన ఫలితం వేళ గురించి చెబుతుంది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ ఏమీ చేయలేదు, గంట తర్వాత తాగినది మాత్రం భోజనంతో తాగినంత నష్టమూ చేసింది. కాబట్టి పొద్దున్న టీ తాగక తప్పదంటే ముందే తాగేసి, గంటన్నర ఆగి మాత్ర వేసుకోవాలి. వేసుకున్నాక రెండు గంటల దాకా టీ, కాఫీ వద్దు.

రెండోది మన చోడి (రాగి) అంబలి. చోళ్లు మంచి తిండే, ఆ మాటలో సందేహం లేదు. వంద గ్రాముల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, ఐరన్ నాలుగున్నర పైన. కానీ ఆ కాల్షియం, దాంతో ఉన్న ఫైటేట్ (గింజల్లో ఉండే ఫాస్ఫరస్ పదార్థం), పొట్టులోని టానిన్లు (వగరు పదార్థాలు) మూడూ ఐరన్‌ను పట్టి ఉంచుతాయి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మన భోజనాలను గుర్తు పెట్టిన ఐరన్‌తో కొలిచినప్పుడు అన్నం భోజనం నుంచి బాగా, చోడి భోజనం నుంచి అతి తక్కువగా పట్టింది. రాత్రంతా పులియబెట్టిన అంబలిలో, మొలకెత్తించి పట్టించిన పిండిలో ఫైటేట్ తగ్గుతుంది. అయినా పొద్దున్న అంబలి గిన్నె చేతిలో ఉండగా మాత్ర మింగకండి. అంబలి పొద్దున్న తాగితే మాత్ర రాత్రికి మార్చుకోండి. రాత్రి అన్నం తిన్న రెండు గంటలకు, సగం నిమ్మకాయ పిండిన నీళ్లతో వేసుకోవచ్చు. జామకాయ, ఉసిరి అయినా సరే. నిమ్మరసం పొయ్యి మీద మరిగితే విటమిన్ సి పోతుంది, పచ్చిగానే కలపాలి. చింతపండు పులుసులోని ఆమ్లం కూడా కొంత మేలు చేస్తుంది. కూరలో నాలుగు ఎండు నెత్తళ్లు (చిన్న చేపలు) పడ్డా ఆకుకూరలోని ఐరన్ పట్టడం పెరుగుతుంది.

గర్భిణులకు ఎర్ర మాత్రతో పాటే కాల్షియం మాత్రలూ ఇస్తారు. రెండూ ఒకే గుక్కలో మింగేయడం మనవైపు జరిగే అతి పెద్ద పొరపాటు. మధ్య కనీసం రెండు గంటలుండాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, ఇక్కడ నష్టపోయేది థైరాయిడ్ మందు. సిప్రోఫ్లాక్ససిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటిబయాటిక్స్‌ను కూడా ఐరన్ పట్టేసుకుంటుంది. గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ నెలల తరబడి వేసుకుంటున్నవాళ్లకు కడుపులో ఆమ్లం తగ్గి ఐరన్ పట్టడం కూడా తగ్గుతుంది. డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి.

రోజూనా, రోజు విడిచి రోజా? 60 మిల్లీగ్రాములు మింగిన కొన్ని గంటల్లోనే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ వదులుతుంది. అది పేగు తలుపు దాదాపు ఒక రోజంతా బిగించి ఉంచుతుంది. మర్నాటి మాత్ర ఆ బిగిసిన తలుపు దగ్గరికే వెళుతుంది. 2017లో ఐరన్ నిల్వలు తక్కువున్న స్త్రీలలో ఐసోటోపులతో కొలిస్తే రోజూ వేసుకున్నప్పుడు 16.3 శాతం, రోజు విడిచి రోజు వేసుకున్నప్పుడు 21.8 శాతం పట్టింది. రోజు మోతాదును పొద్దున్న సగం, సాయంత్రం సగం చేసినా లాభం కనబడలేదు. గర్భం లేని స్త్రీలకు, వికారంతో మాత్ర మానేద్దామనుకునేవాళ్లకు రోజు విడిచి రోజు పద్ధతి చాలా మంచిదని మా అభిప్రాయం. గర్భిణులు మాత్రం ప్రభుత్వ లెక్క ప్రకారం రోజూ వేసుకోవాలి, హిమోగ్లోబిన్ (100 మిల్లీలీటర్ల రక్తంలో గ్రాముల్లో) 7 నుంచి 10.9 మధ్య ఉంటే రోజుకు రెండు. 7 కంటే తగ్గితే మాత్రలతో కాలం గడపకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మోతాదు మార్పు ఏదైనా డాక్టరుతో మాట్లాడాకే.

పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి చిన్న లెక్క. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. గర్భం లేని 50 కిలోల స్త్రీ ఒంట్లో రక్తం సుమారు మూడుంపావు లీటర్లు. హిమోగ్లోబిన్ 9 నుంచి 10కి పెరగాలంటే 32 గ్రాముల పైచిలుకు కొత్త హిమోగ్లోబిన్, అంటే సుమారు 110 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. 30 మాత్రల్లో ఉన్నది 1,800. అందులో 6 శాతం పట్టినా ఆ పని అయిపోతుంది. నెల రోజులు సరిగ్గా వేసుకున్నా ఒక్క గ్రాము పెరగలేదంటే తప్పు మాత్రది కాదు. టీతోనో కాల్షియంతోనో పడుతోంది, లేదా నెలసరిలో ఎక్కువ పోతోంది, లేదా కొంకి పురుగులు ఉన్నాయి, లేదా అసలు జబ్బు ఐరన్ లోపం కాదు. రెండు పరీక్షలూ ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో చేయించాలి. ఒకసారి వేలు గుచ్చి మీటరుతో, ఇంకోసారి నరం నుంచి తీసి మెషీన్‌తో చూస్తే ఆ తేడా మందు వల్ల వచ్చిందో కొలత వల్ల వచ్చిందో తేలదు. వేలు పిండి పిండి చుక్క తీసినా ఒంటి నీరు కలిసి అంకె తగ్గుతుంది. ఒంట్లోని ఐరన్ నిల్వలను చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష కూడా చేయిస్తే ఇంకా మంచిది, కానీ జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు వద్దు. ఆ సమయంలో అది పెరిగి లోపాన్ని కప్పేస్తుంది.

కోటా బియ్యంలో బలవర్ధక గింజలు కలిసి వస్తే వాటి గురించి ఒక్క మాట. నూటికి ఒకటి చొప్పున కలిసే ఆ తెల్లటి గింజలను ప్లాస్టిక్ అనుకుని ఏరి పారేయకండి. అవి బియ్యప్పిండితో చేసినవే. కిలో బియ్యానికి 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఇస్తాయి. అది మాత్రకు బదులు కాదు.

ఇక మాత్ర లోపాలు. చక్కెర పూత మన సముద్రపు గాలికి త్వరగా చెమ్మగిల్లుతుంది. స్ట్రిప్ లోంచి తీసి కాగితం పొట్లంలో కట్టిస్తే వారం తిరక్కుండా అంటుకుపోయి, మచ్చలు పడతాయి. పూత పగిలితే లోపలి ఫెర్రస్ రకం ఐరన్ గాలికి ఫెర్రిక్ అనే రకంగా మారుతుంది, అది సరిగా పట్టదు. స్ట్రిప్‌లోనే అడిగి తీసుకోండి, వాడేదాకా చింపొద్దు, గడువు తేదీ చూడండి. రెండో లోపం, వాడే విధానం రాసిన తెలుగు కాగితం ఒక్కటి కూడా చేతికి రాకపోవడం. మలం నల్లగా అవుతుందని ముందే చెబితే సగం మంది భయపడి మానేయరు. వికారం నిజమే. పరగడుపున తట్టుకోలేకపోతే కాస్త అన్నం తిన్నాక వేసుకోవచ్చు, పట్టేది తగ్గినా మానేయడం కంటే మేలు. మాత్రకు ఐదుకు నాలుగున్నర ఇస్తాం, ఇచ్చే తీరుకు రెండున్నర.

ఈ మాత్ర సరిపోనివాళ్లూ ఉన్నారు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లలో హెప్సిడిన్ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది, పేగు తలుపు తెరుచుకోదు. పైగా ఫాస్ఫేట్ తగ్గించడానికి వేసుకునే కాల్షియం మాత్రలు ఉన్న కాస్త ఐరన్‌నూ ఆపేస్తాయి. వాళ్లకు నరం ద్వారా ఐరన్, ఎర్ర కణాలు తయారయ్యేలా చేసే ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్ అవసరమవుతాయి. ఎర్ర మాత్రతో నెలలు గడపకూడదు. 2022 దాకా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండి ఇప్పుడు పార్వతీపురం మన్యంలో చేరిన సీతంపేట, కురుపాం గిరిజన గూడేల్లో సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉంది. అక్కడ హిమోగ్లోబిన్ తక్కువ కనబడగానే పూర్తి మోతాదు ఐరన్ మొదలుపెట్టకుండా ముందు సికిల్ సెల్ పరీక్ష చేయించాలి. తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లలకు ఐరన్ అప్పటికే ఎక్కువై ఉండవచ్చు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం చంటిపిల్లలది. ఎర్రగా, తియ్యగా ఉండే మాత్ర చాక్లెట్‌లా కనబడుతుంది. కిలో బరువుకు 60 మిల్లీగ్రాములు దాటితే ప్రాణానికి ముప్పు. 10 కిలోల బిడ్డకు ఆ హద్దు పది మాత్రలు, అంటే ఒక్క స్ట్రిప్. అంతకంటే తక్కువ తిన్నా వాంతులు, నెత్తుటి విరేచనాలు రావచ్చు. తర్వాత కొన్ని గంటలు బిడ్డ తేరుకున్నట్టు కనబడుతుంది, ఆ తేరుకోవడాన్ని నమ్మి ఇంట్లో ఉండిపోకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, ఆ ఖాళీ స్ట్రిప్ కూడా చేతిలో పట్టుకెళ్లండి.